చీమల మాట, రేడియో మాట

"ఇటుకలు కప్పేయమ్మా, వాన వస్తుంది."

బస్సు కోసం నిలబడి, మంచినీళ్లడిగి తాగిన పెద్దమనిషి చెంబు తిరిగిస్తూ అన్నాడు.

పచ్చి ఇటుకలు ఆరబెడుతున్న ఆమె తలెత్తి ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు.

"మీకెవరు చెప్పారు?"

"అవిగో."

చీమలు బారులు తీరి, గుడ్లు నోట కరుచుకుని పాక గోడ ఎక్కుతున్నాయి.

"తూనీగలూ నేలబారున తిరుగుతున్నాయి. మా నాయనమ్మ చెప్పేది."

"పొద్దున రేడియోలో వాన లేదన్నారు. కప్పితే ఇవి ఆరవు. ఆరకపోతే రేపు బట్టీ పేర్చలేను."

"రేడియోవాడు చేతికిచ్చిన కాగితం చదువుతాడమ్మా. చీమలు పిల్లల్ని మోసుకుపోతున్నాయి."

ఇంకేదో చెప్పబోయి, ఎందుకో సిగ్గుపడి ఆగిపోయాడు. ఇంతలో బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

"కప్పితే పోయేదేముందే?" అంది పాకలోంచి అత్త.

"ఒక రోజు పోతుంది. రేడియో ఆయన్ని కాదని, దారిన పోయే దానయ్య మాట వినాలా?"

బావగారి బట్టీలో ఏళ్ల తరబడి కూలి చేసి, పంతం పట్టి, సొంతానికి కోసుకున్న మొదటి ఇటుకలవి. పంతం ముందు చీమలెంత!

సాయంత్రం వాన దంచి కొట్టింది. ఇటుకలన్నీ బురదైపోయాయి. ఆమె ఆ బురదలోనే కూర్చుని ఏడ్చింది.

తెల్లారి బావగారు వచ్చాడు.

"నీకు బట్టీ ఎందుకని ముందే చెప్పానా? వచ్చి కూలిలో చేరు."

"ఇటుకలు పోయాయి గానీ మట్టి ఎక్కడికీ పోలేదు బావగారూ."

మోకాళ్ల లోతు బురదలోకి దిగి తొక్కడం మొదలుపెట్టింది. అత్త ఇటుకల అచ్చు కడిగి తెచ్చింది.

కొన్నాళ్లకు ఇటుకలు మళ్లీ వరసల్లో ఆరుతున్నాయి. గుంజకు వేలాడుతున్న రేడియో గరగరమంది.

"రేపు వాన సూచన లేదు."

ఆమె వంగి పాక గోడ చూస్తోంది. చీమలు గుడ్లు మోస్తున్నాయి.

"అత్తా, పట్టా పట్టుకురా."

"రేడియో లేదంటోంది కదే?"

"అననీ."

ఇద్దరూ ఇటుకల మీద పట్టా పరుస్తుంటే రేడియోలో కాగితం మడిచిన చప్పుడైంది.

"ఇది కాగితంలో లేని మాట. ఆ రోజు నేను చదివింది తప్పింది. నాకు మంచినీళ్లిచ్చిన ఇటుకల అమ్మ వింటుంటే, ఈసారైనా చీమల్ని చూసి కప్పుకోవాలి."

పట్టా కొస పట్టుకున్న ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి. అది దారిన పోయిన దానయ్య గొంతు.