ఎనిమిదో నంబరు మీద రిపోర్టు

“ఆ కుర్రాణ్ణి తీసుకోకండి సార్.”

డోయల్ హావర్‌క్యాంప్ స్టాప్‌వాచీ మీంచి తలెత్తాడు.

పక్క సీట్లో యాభై దాటిన మనిషి. గ్రీజు మరకల కోటు, చేతిలో చల్లారిపోయిన కాఫీ. కళ్లు మాత్రం మైదానం వదల్లేదు.

“నేనెందుకొచ్చానో మీకెలా తెలుసు?”

“ఈ ఊళ్లో వాచీ పట్టుకుని ఆట చూసేవాళ్లెవరున్నారు సార్? పెద్ద జట్లవాళ్లే అలా చూస్తారు.”

డోయల్ నవ్వాడు. ఇరవై ఆరేళ్లుగా కాలేజీ మైదానాల వెంట తిరుగుతున్నాడు. ఏ కుర్రాడు చేత్తో బంతి విసిరే ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్‌కి పనికొస్తాడో, ఎవడు రాడో చూసి చెప్పడమే అతని ఉద్యోగం. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఈ చిన్న కాలేజీకి, ఎనిమిదో నంబరు వాడి కోసమే నాలుగు వందల మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చాడు.

పేరు ట్రెవెన్ లాస్కో. క్వార్టర్‌బ్యాక్. బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చుకుని, జట్టంతటినీ నడిపించేది అతనే.

అప్పుడే ట్రెవెన్ విసిరిన బంతి యాభై గజాలు గాల్లో తేలుతూ వెళ్లి, పరిగెత్తేవాడి చేతుల్లో పెట్టినట్టు పడింది.

జనమంతా లేచి నిలబడ్డారు. పక్కాయన లేవలేదు.

“చూశారా! ఇలాంటి చెయ్యి పదేళ్లకోసారి కూడా కనబడదు. తీసుకోవద్దంటారేం?”

“చేతికేం సార్, బంగారం. తలే బాగాలేదు.”

“ఏం, పొగరా?”

“దెబ్బలు. నిరుటి నుంచి మూడుసార్లు స్పృహ తప్పాడు. డాక్టర్లకి చెప్పడు. చెప్తే కూర్చోబెట్టేస్తారని భయం.”

“డాక్టర్లకి తెలియంది మీకెలా తెలిసింది?”

ఆయన కాఫీ కప్పు అంచు గిల్లాడు.

డోయల్‌కి వెలిగింది. “మీ అబ్బాయి కూడా ఈ జట్టులోనే ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టారా?”

ఆయన చల్లారిన కాఫీ గుక్కెడు తాగాడు.

ఇలాంటి తండ్రులు డోయల్‌కి కొత్త కాదు. తమ వాడికి చోటు దొరకాలని ముందున్నవాడి మీద తాగుడని, తిరుగుడని చెవిలో ఊదిపోయేవాళ్లని ఊరికొకణ్ణి చూశాడు.

“మీవాడు ఆడాలంటే బాగా ఆడి చోటు తెచ్చుకోవాలి,” అన్నాడు కటువుగా. “ఎదుటివాడి కాళ్లు పట్టి లాగితే రాదు.”

ఆయన మొహం ఎర్రబడింది. అయినా లేచి పోలేదు.

“ఎంతైనా తిట్టండి సార్, పడతాను. ఈసారి దెబ్బ తగిలాక బంతి వైపు కాదు, ఆ అబ్బాయి వైపు చూడండి. అంతే. మీ జట్టు వద్దంటేనే ఈ ఆట మానేస్తాడు. ఇంకెవరు చెప్పినా వినడు.”

ఆట మూడో క్వార్టర్లో తగిలింది దెబ్బ. బండల్లాంటి ఇద్దరు ఒకేసారి వచ్చి మీద పడ్డారు. తల నేలకి కొట్టుకున్న చప్పుడు గ్యాలరీదాకా వినిపించింది.

ట్రెవెన్ లేచాడు. చప్పట్లు మోగాయి.

లేచి, అవతలి జట్టు గుంపు వైపు నడిచాడు.

అతనికి బంతి అందించే భారీ కుర్రాడొకడు గబగబా వచ్చి, భుజం మీద చెయ్యేసి, నవ్వుతూ ఇటు తిప్పుకొచ్చాడు.

“చూశారా?” అన్నాడు పక్కాయన.

“చూశాను. తోటివాళ్లకి వాడంటే ఎంత ప్రాణమో!”

ఆయన ఆట ముగిసేదాకా కూర్చుని, గెలిచిన సందడిలో జనంతో కలిసి వెళ్లిపోయాడు.

డోయల్ కారులో కూర్చుని రిపోర్టు రాశాడు. చెయ్యి, అసాధారణం. గుండె నిబ్బరం, కావలసినంత. ‘తలకి దెబ్బలు’ అని కూడా రాశాడు. కాసేపు దానికేసి చూసి కొట్టేశాడు. ఓర్వలేనివాడి మాట పట్టుకుని ఓ కుర్రాడి నోటికాడి కూడు తీయకూడదనుకున్నాడు.

ఏప్రిల్‌లో డోయల్ జట్టు ట్రెవెన్‌ని తీసుకుంది. మొదటి ఏడాది పత్రికలన్నీ అతన్ని నెత్తిన పెట్టుకున్నాయి. డోయల్‌కి జీతం పెరిగింది.

రెండో ఏడాది అక్టోబరులో, వానలో, ఓ మామూలు దెబ్బకి పడిపోయి ట్రెవెన్ లేవలేదు. కళ్లు తెరవడానికి పదకొండు రోజులు పట్టింది.

డోయల్‌ని ఎవరూ వేలెత్తి చూపలేదు. రిపోర్టులో పొరపాటేమీ లేదన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచే అతనికి అన్నం సయించడం మానేసింది.

ఐదు నెలలు వెళ్లలేకపోయాడు. చివరికో మంగళవారం మధ్యాహ్నం ట్రెవెన్ ఉంటున్న ఆసుపత్రి వెతుక్కుంటూ వెళ్లాడు.

నడవా చివర కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ట్రెవెన్. ఎదురుగా స్టూలు మీద, నారింజపండు ఒలుస్తూ, ఆయన.

డోయల్ అక్కడే ఆగిపోయాడు.

ఎవరో పరాయి పిల్లాడి కోసం ఆరోజు నా చేత అంతంత మాటలు పడ్డాడు, ఇవాళ పని మానుకుని వచ్చి కూర్చున్నాడు, ఇంత మంచివాణ్ణా నేను ఓర్వలేనివాడనుకున్నది! క్షమించమని అడుగుదామని రెండడుగులు ముందుకేశాడు.

ఆయన అటు తిరగలేదు. నారింజ తొన ట్రెవెన్ చేతిలో పెట్టి, “ఇవాళ ఏ వారం? తొందరేం లేదు, నిదానంగా చెప్పు,” అన్నాడు.

ట్రెవెన్ చాలాసేపు ఆ తొనకేసి చూసి, “గురువారం కదూ, నాన్నా?” అన్నాడు.