మన ముచ్చట, మూడో సంచిక

"ప్రిన్సిపల్ సారు రమ్మంటుండు. చేతుల 'మన ముచ్చట' పట్టుకొని కూసున్నడు. మొకం మంచిగ లేదమ్మా," అన్నాడు అటెండర్ మొండయ్య.

అనసూర్య చేతిలోని స్టెన్సిల్ కలం జారి కింద పడింది.

ఆమెది ఆర్నెల్ల టెంపరరీ ఉద్యోగం. ఈ నెలాఖరుకు గడువు తీరుతుంది. పొడిగించాలన్నా, ఇంటికి పంపాలన్నా ప్రిన్సిపల్ లింగమూర్తి గారి సంతకమే. ఇంట్లో ఆమె జీతం తప్ప వేరే ఆధారం లేదు.

అసలు 'మన ముచ్చట' ఆయన ఆలోచనే. కరీంనగర్‌లో ఆ కాలేజీ పెట్టి మూడేళ్ళయినా ఆఫీసు సంగతి ల్యాబుకు తెలియదు, ల్యాబు సంగతి ఆఫీసుకు తెలియదు. అందుకని ఉద్యోగుల కోసం నెలకో పత్రిక. లెక్చరర్ నుంచి ఊడ్చే మనిషి దాకా ఎవరైనా రాయొచ్చు. అనసూర్య స్టెన్సిల్ రాస్తుంది, మొండయ్య సైక్లోస్టైల్ మిషన్ తిప్పుతాడు. సారు సంతకం కానిదే ఒక్క అక్షరం బయటికి పోదు.

మొదటి రెండు నెలలూ హెడ్ క్లర్క్ అజీముద్దీన్ పత్రిక మొత్తం చదివి వినిపించాడు. సారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని విన్నారు. ఎంత దర్జా అనుకుంది అనసూర్య.

ఈ నెల అజీముద్దీన్ పెళ్ళికని ఆదిలాబాద్ వెళ్ళాడు. అనసూర్యే కాగితాలు పట్టుకెళ్ళింది. సారు ఒక్కొక్కటీ తిప్పారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ తిప్పారు.

"నువ్వు చూసుకున్నవ్ గదా?"

"చూసిన సార్."

"బాగుంది," అని పాత అలవాటుగా ఉర్దూలో సంతకం గీసి ఇచ్చారు.

అందులోనే ఉంది ఊడ్చే పోశవ్వ ఉత్తరం. పోశవ్వకు అక్షరం ముక్క రాదు. ఆమె చెబుతుంటే అనసూర్య రాసింది.

పత్రిక అచ్చయి కాలేజీ అంతా పంచేశారు. ఇప్పుడు ఆ కాగితం సారు బల్ల మీద ఉంది. పక్కన అజీముద్దీన్ తల వంచుకుని నిలబడ్డాడు. పొద్దున్నే ఊరి నుంచి దిగాడు.

"కాలేజీ కమిటీ ప్రెసిడెంటు ఫోన్ చేసి నవ్విండు," అన్నారు సారు. "మీ కారు మంచిదటగదా అన్నడు. ఏందిది? నాకెందుకు చెప్పలే?"

అనసూర్యకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. సంతకం చేసిన చేత్తోనే తన మెడ మీద కత్తి పెడుతున్నాడు, ఎంత పెద్దమనిషి!

"మీరు చూసే గదా సార్ సంతకం చేసిండ్రు!"



"గలతీ నాది సాబ్," అన్నాడు అజీముద్దీన్ మెల్లగా. "నేను ఊరికి పోకుంటే గిట్ల గాకపోవు."

"నువ్వూకో," అన్నారు సారు. కాగితం ఆమె ముందుకు తోశారు. "చదువు."

ఆమె చదివింది. "సారు కారుకు రేకుల షెడ్డున్నది. మేం సద్ది తినేటందుకు నీడ లేదు. వానొస్తే కారు పక్కకు పోయి కూసుంటం. కారు మంచిది, ఏమనది. వాచ్‌మనే ఎల్లగొడ్తుండు."

సారు కళ్ళు మూసుకుని విన్నారు.

"అబద్ధమేమన్న ఉన్నదా ఇందుల?"

"లేదు సార్."

"అజీముద్దీన్, కారు బయట పెట్టిపియ్యి. షెడ్డు వాళ్ళకియ్యి. పోతూ తలుపెయ్యి."

తలుపు మూసుకుంది. ఇక తన వంతే అనుకుంది అనసూర్య.

సారు కలం తీసి, ఆమె ఉద్యోగం పొడిగించే ఆర్డరు మీద సంతకం చేసి, సొరుగులోంచి అట్ట చిరిగిన ఒకటో తరగతి తెలుగు వాచకం తీసి దాని మీద పెట్టి, గొంతు తగ్గించి అన్నారు: "నిజాం జమానల మాకు ఉర్దూ, ఇంగ్లీషే నేర్పిండ్రు బిడ్డా, రేపటి సంది రోజూ ఓ గంట ముందొచ్చి జర నాకు అక్షరాలు దిద్దిపియ్యి."