మూడో ప్రకటన

శనివారం మధ్యాహ్నం కొంపల్లిలో ఫిన్నీ మూడో దుకాణం మెట్లెక్కాడు. వెనకే పాస్టర్ ఏలియా, చెమట తుడుచుకుంటూ.

మేడ్చల్‌లోని వాళ్ల చర్చి ఆఫీసులో మూడు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్ ఉన్నాయి. సోమవారం ఆ ప్రింటర్ డ్రమ్ము మీద లోతుగా గీత పడి, అది పనికిరాకుండా పోయింది. కారణం లేకుండా యంత్రాలు చెడవు. ఆ కారణం మాత్రం ఎవరూ వెతకలేదు. కొత్తది ఎంచే పని ఆఫీసు క్లర్కు ఫిన్నీకి అప్పగించారు, కంప్యూటర్ల సంగతి తెలిసినవాడు అతనొక్కడే గనుక.

తొందర ప్రింటరుది కాదు, పెండ్లిది. సంఘస్థుడు శాంసన్ కూతురు రేచల్ పెండ్లి ప్రకటన రెండు ఆదివారాలు చర్చి వారపత్రికలో వచ్చింది. మూడోది రేపు రావాలి. మూడుసార్లు ప్రకటించందే చర్చిలో పెండ్లి చేయరు. రాకపోతే మంగళవారం పెండ్లి జరగదు. బుధవారం నుంచి శ్రమదినాలు, ఈస్టరుకు ముందు ఉపవాసకాలం. ఆ నలభై రోజులూ చర్చిలో పెండ్లి మాటే ఉండదు. బయట అచ్చు వేయించడానికీ వీల్లేదు. ఒకసారి జిరాక్స్ షాపువాడు వధువు స్థానంలో ఆమె చెల్లెలి పేరు కొట్టాడు. ఆ గొడవ తర్వాత, పత్రిక ఆఫీసులోనే అచ్చు కావాలని కమిటీ తీర్మానించింది.

దుకాణదారు సందీప్ ఒక ప్రింటర్ చూపించాడు. "గిది తీస్కో అన్నా. అన్నిట్ల సవక."

"దీనికి ఒక్క కంప్యూటరే కలుస్తది. మాకు మూడున్నయి."

"అయితే గిది. వైఫై ఉన్నది."

"మావి రాతిగోడలు. పక్క గదిలకు సిగ్నల్ రాదు."

"గిది జూడు. నెట్‌వర్క్ వైరే పెట్టొచ్చు."

"టోనర్ ఎన్ని పేజీలొస్తది?"

"ఏడొందలు."

"మిషిని సవక, టోనర్ పిరం. వద్దు."

ఫిన్నీ చెప్పిన ప్రతి లోపమూ నిజమే. అందువల్లే పాస్టరు కాదనలేకపోయారు.

సందీప్ నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "అన్నా, పెండ్లికి పిల్లను సుత గింతగనం జూడరు!"

పాస్టరు నవ్వారు. ఫిన్నీ నవ్వలేదు.

అతని ఫోన్ మోగింది. శాంసన్. "దొరికిందా బాబూ? ఇంటి ముందట పందిరేస్తున్నరు. చుట్టాలు దిగుతున్నరు. నాకైతే కాలుసేతులు ఆడుతలేవు."

"చూస్తున్న అంకుల్."

"జల్దీ జూడు. అంతా నీ మీదనే ఉన్నది."

పాస్టరు గొంతు తగ్గించారు. "బిడ్డా, నాకు వీటి సంగతి తెల్వదు. నువ్వు ఏదంటే అదే. ఇగ నువ్వే చెప్పాలె."

ఫిన్నీ పెదవులు కదిలాయి. అరలవైపు తిరిగి, "రెండు వైపులా అచ్చేసేది ఉంటే బాగుంటది, అయ్యగారూ" అన్నాడు.

సందీప్ లోపలికి వెళ్లి ఆఖరి పెట్టె తెచ్చాడు. నెట్‌వర్క్ వైరు పడుతుంది. రెండు వైపులా వేస్తుంది. టోనర్ మూడు వేల పేజీలు. ధర కమిటీ అనుమతించినదాని లోపే. ఫిన్నీ పెట్టె మీద అక్షరాలన్నీ రెండుసార్లు చదివాడు. ఎంచడానికి లోపమేదీ మిగల్లేదు.

సాయంత్రం ఆఫీసులో మూడు కంప్యూటర్లకూ అది మొదటి ప్రయత్నంలోనే కలిసింది.

"దేవునికి స్తోత్రం" అన్నారు పాస్టరు.

ఫిన్నీ మీట నొక్కాడు. వెచ్చటి కాగితం బయటికి వచ్చింది. మరక లేదు, ఒక్క అక్షరమూ చెదరలేదు.

"ఈ వివాహమునకు అభ్యంతరము గలవారు తెలియజేయవలెను" అన్న పంక్తికి పైన, రేచల్ పేరు పక్కన, వరుడి స్థానంలో ఉన్నది ఫిన్నీ పేరే.