అచ్చు నమూనాలాగే

"ఎవరూ ఆయన వెంట పడొద్దు. సాయం చెయ్యొద్దు. తడబడినా సరే, నోరు విప్పొద్దు."

డాక్టరు మాటకు వంటింట్లో ఉన్నవాళ్లంతా బుద్ధిగా తలలూపారు. ఇరవయ్యో అంతస్తులో నాలుగు కుటుంబాలకూ కలిపి వంటిల్లు ఒకటే, వసారా ఒకటే. ఎవరు తమ గదుల్లోంచి బయటికొచ్చినా ఈ వంటింటి మీదుగానే వెళ్లాలి. పక్కవాడి కంట పడకుండా ఎవడూ బతకకూడదని ఆ భవనం గీసిన ఆర్కిటెక్టు పట్టుదల.

పరీక్ష కండక్టరు తాతకు. బతుకంతా బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. ఇప్పుడు మతిమరుపు జబ్బు. ఏ పూట మాట ఆ పూటే చెరిగిపోతుంది. వంటింట్లో నలుగురు కనిపిస్తే చాలు, ముందుకు జరగమని అదిలిస్తాడు. వాళ్లూ కిక్కురుమనకుండా జరుగుతారు.

కొత్తచోట పెడితే ఈ జబ్బున్నవాళ్లు బెంబేలెత్తిపోతారు. ఇవాళ తన పనులు తాను చేసుకోగలిగితే తాత కూతురి దగ్గరే ఉంటాడు. లేదంటే బయటినుంచి తాళం వేసే ఆసుపత్రికి వెళ్లాలి. వ్యాను కింద సిద్ధంగా ఉంది. కూతురు ఆ ఆసుపత్రిని ఒకసారి చూసొచ్చింది. ఆ రోజునుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఆమెకు ధైర్యం చెప్పింది ఆర్కిటెక్టే. ఇంతమంది ఒకే వంటింట్లో కొట్టుకోకుండా బతకగలరో లేదో చూద్దామని, అసలు భవనం లేవకముందే అతను ఒక్క అంతస్తును నమూనాగా కట్టించి, ఈ కుటుంబాలనే ఏడాదిపాటు అందులో ఉంచాడు. మొదట్లో గరిటెల దగ్గర, గిన్నెల దగ్గర గొడవలు పడ్డారు. తర్వాత ఒకరి కూర ఒకరు దొంగిలించేంత చనువొచ్చింది. తాత అక్కడ నిమ్మళంగా కుదురుకున్నాడు. మరి ఇక్కడికి మారితే ఎలాగని కూతురు ఏడ్చింది.

"మారినట్టు ఆయనకు తెలిస్తే కదమ్మా బాధ. తెలియనివ్వను," అన్నాడు ఆర్కిటెక్టు.

అన్నంత పనీ చేశాడు. నమూనాలోని తలుపులు, కొళాయిలు, బల్లలు, బయటి గోడలు కడిగేవాళ్ల కోసం వసారా చివర పెట్టిన చిన్న ఇనప గేటు, చివరికి చేయి విరిగిన కుర్చీతో సహా అన్నీ ఊడదీయించి తెచ్చి ఇక్కడ బిగించాడు. కొత్త గడియలు మెరుస్తున్నాయని పీకించి పాతవే పెట్టించాడు. వసారా పొడవునా అదే చెక్క జాలీ, బయటి వెలుగు తప్ప ఇంకేమీ కనిపించకుండా. పనివాళ్లు ఇదేం చాదస్తమని చాటుగా నవ్వుకున్నారు. అన్నీ అమరాక, కారులో నిద్రపోయిన తాతను అలాగే లిఫ్టెక్కించి మంచం మీద పడుకోబెట్టారు.

ఈ ఉదయం వంటింట్లో అడుగుపెట్టగానే పక్క కుటుంబం టైలరమ్మకు ఒళ్లు జలదరించింది. ఎక్కడున్నామో తనకే అయోమయంగా ఉందని గొణిగింది. ఆర్కిటెక్టు దాన్ని మెప్పు కింద జమకట్టుకున్నాడు.

గది తలుపు తెరుచుకుంది.

తాత బయటికొచ్చాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. పైకప్పు వైపు చూశాడు. కూతురు చెయ్యి తనకు తెలియకుండానే లేచింది. డాక్టరు కళ్లతోనే వారించాడు. చూస్తూ చూస్తూ మనిషిని అలా వదిలెయ్యడం ఆ వంటింటికి అలవాటు లేని పని.

తాత కదిలాడు. కొళాయి దగ్గరికెళ్లి, అన్ని కొళాయిల్లా కాకుండా అది తిరిగే ఎదురువైపుకే తిప్పాడు. మొహం కడుక్కున్నాడు. ఫ్లాస్కులోంచి టీ వంచుకుని, చేయి విరిగిన కుర్చీలో ఆ వైపు ఆనకుండా కూర్చుని తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. దారికి అడ్డంగా నిలబడ్డ డాక్టరును ముందుకు జరగమన్నాడు. డాక్టరు జరిగాడు.

తర్వాత చెంబునిండా నీళ్లు పట్టుకుని వసారాలోకి నడిచాడు.

అందరూ వంటింటి కిటికీకి ఎగబడ్డారు. తాత జాలీ మీద చెయ్యి వేసుకుంటూ, చెంబు తొణకకుండా, తన ఇంట్లో తను నడిచినట్టే వెళ్తున్నాడు. వసారా చివర మలుపు తిరిగి కనుమరుగయ్యాడు.

"ఇప్పుడెక్కడికి?" అడిగాడు డాక్టరు గుసగుసగా.

"మొక్కలకు నీళ్లు పోయడానికండీ. టీ తాగాక రోజూ అదే పని. మర్చిపోలేదు, చూడండి, మా నాన్న ఏదీ మర్చిపోలేదు." కూతురు ఏడుస్తూ నవ్వింది.

మలుపు అవతల గేటు గడియ కిర్రుమంది. ఏడాదిగా రోజూ విన్న చప్పుడే. టైలరమ్మ హమ్మయ్య అనుకుని పొయ్యి వెలిగించింది. కూతురు ఆర్కిటెక్టు చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. అతనికీ కళ్లు చెమర్చాయి.

"రైట్, రైట్," అని తాత తనకు తానే చెప్పుకోవడం వినిపించింది.

"ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదమ్మా. వ్యాను పంపించేస్తాను," అన్నాడు డాక్టరు.

ఏడాదిపాటు తాత నీళ్లు పోసిన మొక్కలు ఆ గేటు దాటగానే పెరటి మట్టిలో ఉండేవి. నమూనా అంతస్తును కట్టింది నేలమీద.