దొరసాని ఆకలి

"ఇవాళ ఇంకొకటి మాయం," అంది భార్య, అక్వేరియం అద్దానికి ముఖం ఆనించి.

టైలరు మిషను మీద నుంచి కాలు తీశాడు. "సరిగ్గా చూడు. మొక్కల చాటున నక్కి ఉంటుంది."

"అంతా చూశాను. రాళ్ల సందులు కూడా వెతికాను. మీ దొరసాని మింగేసింది."

దొరసాని అంటే ఏంజెల్ చేప. వెండి రంగు ఒంటి మీద నల్లని చారలు, తెరచాపల్లాంటి రెక్కలు. చొక్కా గుండీ అంత ఉన్నప్పుడు తెచ్చి పెంచాడు టైలరు. ఇప్పుడు అరచెయ్యంత అయింది. అదే తొట్టిలో నీలం గీతల బుల్లి చేపలు గుంపుగా తిరుగుతుంటాయి. కొన్నాళ్లుగా ఆ గుంపు పలచబడుతోంది. ఒక్కటీ చచ్చి పైకి తేలలేదు. అడుగున ముల్లయినా కనబడలేదు.

"అది అలాంటిది కాదు," అన్నాడు టైలరు.

"అవును పాపం, నోట్లో వేలు పెట్టినా కొరకలేదు. పొద్దున లేస్తే దొరసాని తిందా, దొరసాని నీళ్లు చల్లబడ్డాయా, ఇదే గోల. ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న ధ్యాసే లేదు మీకు." ఆమె కూరల సంచీ అందుకుంది. "ఆ పసికూనల్ని అది ఒక్కొక్కటే నంజుకుంటుంటే నేను చూడలేను. పంపించేయండి."

ఆమె వెళ్లిపోయాక టైలరుకు పని మీద మనసు నిలవలేదు. రెండు కుట్లు వేయడం, తల తిప్పి తొట్టి చూడడం. దొరసాని బుల్లి చేపల వైపు కదిలితే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చేది. అది తన మానాన తను దాటిపోయి, అతని ఎదురుగా అద్దం దగ్గరకొచ్చి నోరు తెరిచేది, మేత కోసం. ఆ నోటిలో బుల్లి చేప పడుతుందా, పట్టదా? ఎంతసేపు చూసినా తేలలేదు.

మధ్యాహ్నం ఒకాయన తన చొక్కా తీసుకోవడానికి వచ్చి, అక్కడే తొడుక్కుని, చేతులు రెండూ చాపి చూపించాడు.

"ఏం మాస్టారూ, నాకు రెండూ ఎడమ చేతులే అనుకున్నారా?"

టైలరు సిగ్గుతో చచ్చిపోయాడు. కుట్లు విప్పుతూ విప్పుతూ వేలికి బ్లేడు గీసుకున్నాడు.

ఇలా కాదనుకుని, ఆ సాయంత్రమే దొరసానిని బకెట్టులోకి మార్చాడు. గాలి గొట్టం కూడా అమర్చాడు. అది బకెట్టులో గిరగిరా తిరుగుతుంటే, పడుకోబోయే ముందు రెండుసార్లు వచ్చి చూసుకున్నాడు. తెల్లారి చూస్తే తొట్టిలో బుల్లి చేపలన్నీ క్షేమంగా ఉన్నాయి.

"చూశారా?" అంది భార్య.

"ఒక్క రోజుతో ఏం తెలుస్తుంది," అంటూ దాన్ని మళ్లీ తొట్టిలో వదిలాడు. మరునాడు స్నానం చేసి వచ్చేసరికి గుంపులో ఒకటి తగ్గింది.

టైలరు వల అందుకున్నాడు. భార్య ప్లాస్టిక్ కవరు తెచ్చి, నీళ్లు పోసి, అతను వలతో పట్టేదాకా కవరు మూతి తెరిచి పట్టుకుంది.

చేపల కొట్టు రెండు వీధుల అవతల. దారి పొడుగునా కవరును ఛాతీకి ఆనించుకుని నడిచాడు టైలరు, జనం తగిలి కుదుపుతారేమోనని. దొరసాని ఎటూ తిరగడానికి చోటు లేక అతని వైపే చూస్తోంది. అతను దుకాణాల బోర్డులు చదువుకుంటూ నడిచాడు. ఒక్క అక్షరమూ బుర్రకెక్కలేదు. మలుపు దగ్గర ఆగి, వెనక్కి పోదామా అనుకుని, మళ్లీ ముందుకే కదిలాడు.

కొట్టతను కవరు అందుకుని వెలుతురుకేసి పెట్టి చూశాడు. "ఇంత కళగా పెంచి ఇచ్చేస్తున్నారేంటి మాస్టారూ?"

"చిన్న చేపల్ని తినేస్తోంది." టైలరు చూపు కవరు మీదే ఉంది. "పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. చేత్తో పెడితేనే తింటుందని చెప్పండి. నీళ్లు మరీ చల్లగా ఉండకూడదు."

"చెప్తాలెండి. దీన్నయితే ఎవరైనా కళ్లకద్దుకుని తీసుకుపోతారు." కొట్టతను కవరు బల్ల మీద పెట్టి కాస్త మొహమాటపడ్డాడు. "మాస్టారూ, ఏమీ అనుకోనంటే ఒక మాట."

"చెప్పండి."

"ఆ నీలం గీతల బుల్లి చేపల్ని మాత్రం ఇక తేవద్దని అక్కతో చెప్పండి. కూరలకి వచ్చినప్పుడల్లా సీసాలో ఒకటి పట్టుకొచ్చి ఇచ్చిపోతోంది, నా దగ్గరా చోటు లేదు."