చివరి పేరా

"ఈ చివరి పేరా ఎవడు నమ్ముతాడు, బహినీ?" అని చెల్లెలి వరస కలిపి, నవరాజ్ ఎర్ర పెన్ను మూత తీశాడు.

పై చదువుకు విదేశం ఎందుకు పోతున్నారో చెప్పే ఎస్‌ఓపీ అతని చేత్తో రాయించుకుంటే విమానం ఎక్కినట్టేనని ఖాట్మండులో పేరు. ఎదురుగా కూర్చున్న ల్హామో మాత్రం తనది తనే రాసుకొచ్చింది.

"ఉన్నదే రాశాను దాయ్," అని ఆమే అన్న వరస కలిపింది. "పశువైద్యం చదివి మా కొండకే తిరిగొస్తాను. జడలబర్రెకు జబ్బు చేస్తే మా ఊరికి డాక్టరు రావడానికి మూడ్రోజులు పడుతుంది. ఈలోపు అది చచ్చూరుకుంటుంది."

"బర్రెల కోసం తిరిగొస్తానంటే వీసా ఇచ్చేవాళ్ళు పడీపడీ నవ్వుతారు. నాన్నకు హోటలుంది, వచ్చి చూసుకుంటానని రాయి. నాలుగొందల మందికి అదే రాశాను. అందరూ వెళ్ళారు."

"ఎంతమంది తిరిగొచ్చారు?"

నవరాజ్ కాస్త తడబడ్డాడు. "వాళ్ళ సంగతి నాకెందుకు? నేనొచ్చాను కదా! సిడ్నీలో చదివి, రాసిచ్చిన మాట ప్రకారం తిరిగొచ్చాను," అని గోడకు వేలాడుతున్న డిగ్రీ చూపించాడు.

ల్హామోకు నిజంగానే ముచ్చటేసింది. "వచ్చి ఏం చేస్తానని రాశారు దాయ్?"

నవరాజ్ తలుపు వైపు చూశాడు. బయట బెంచీలు చాలక, ఫైళ్ళు పట్టుకున్న పిల్లలు వీధి దాకా మెట్ల మీద కూర్చున్నారు.

"మన కుర్రాళ్ళు దేశం వదిలిపోకుండా ఆపుతానని," అన్నాడు, గొంతు తగ్గించి.

"అదే నమ్మారా! అయితే నాదీ నమ్ముతారు," అని ల్హామో తన కాగితం వెనక్కి లాక్కుంది.