ఖాళీ గడి

పనిలో వెనకబడుతోందని ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. నిజానికి నత్తనడక ఆమెది కాదు, ల్యాప్‌టాప్‌ది.

కంప్యూటర్లు బాగుచేసే భర్త, "దాని పని అయిపోయింది, వదిలెయ్" అన్నాడు. ఆమెకు మనసొప్పలేదు. వేగం పెంచే కొత్త ర్యామ్ కొనుక్కొచ్చి, పాతవాటిలో ఒకటి తీసి దీన్ని పెడదామని కూర్చుంది.

ఆయన చేస్తుంటే చూసి నేర్చుకున్న పనే. స్విచ్ ఆపి, ఛార్జర్ పీకి, మరలు విప్పి, ముందుగా బ్యాటరీ వైరు ఊడదీసింది. ఒంట్లోని కరెంటు పోయేలా ఇనప బీరువాను ముట్టుకుంది.

లోపల చూస్తే ర్యామ్‌ గడులు రెండింటిలో ఒకటి ఖాళీ. పోయినేడు అందులో ర్యామ్ అమర్చింది ఆయనే, ఆమె కళ్లముందే.

అప్పుడే భర్త ఇంటికొచ్చాడు. "బ్యాటరీ తీశావా? లేకపోతే బోర్డు కాలిపోతుంది."

"తీశాను. ఇందులోది ఏమైందండీ?"

ఆయన తలెత్తకుండా బూట్లు విప్పుకున్నాడు. "నువ్వు ఇంటిపట్టున ఉంటే బాగుంటుందనిపించింది. చెబితే వింటావా?"

ఆమె కొత్త ర్యామ్‌ను ఖాళీ గడిలో ఏటవాలుగా దూర్చి, టక్కుమనేదాకా నొక్కింది.

ఉద్యోగం పోయిన రోజు ఆయన ఒళ్లోనే తలపెట్టుకుని ఏడ్చింది. జుట్టు నిమురుతూ, "ఇందులో నీ తప్పేం లేదే" అన్నాడు.

ఆ మాట మాత్రం నిజమే చెప్పాడు.